నిక్ సేబన్ అంతలా ఎలా గెలిచాడు? మంచి ఆటగాళ్ళు దొరకడం వల్లేనా?

అడిగినది క్లుప్తంగా: మీరు ఎమ్మెస్‌ కోసం అమెరికా వచ్చారు. శనివారం వస్తే యూనివర్సిటీ ఊరంతా అమెరికన్ ఫుట్‌బాల్ గోలే, ఎవరిని కదిపినా అలబామా యూనివర్సిటీ జట్టు పాత కోచ్ నిక్ సేబన్ పేరే. "దేశంలోని మంచి కుర్రాళ్ళందరూ అలబామాకే వెళ్తుంటే అక్కడ కోచ్‌గా ఎవరున్నా గెలుస్తారు కదా? పైగా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్‌లో, రెండేళ్ళకే వెనక్కి వచ్చేశాడు. మరి ఇతన్ని కాలేజీ ఫుట్‌బాల్‌లో అందరికంటే గొప్ప కోచ్ అని ఎందుకంటారు?" అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. ఆటగాళ్ళ వల్ల గెలిచాడన్న మాట సగం నిజం. అయితే సేబన్ రాకముందు అలబామా పదేళ్ళుగా కిందామీదా పడుతున్న జట్టు. ఆ ఆటగాళ్ళను వెతికి, కొలిచి, రప్పించే యంత్రాంగాన్ని కట్టింది అతనే. మిగతా సగం నా దృష్టిలో ఇంకా పెద్దది. 2012 తర్వాత ఆట తీరు మారిపోయినప్పుడు, తనకు పేరు తెచ్చిపెట్టిన ఫుట్‌బాల్‌నే పక్కన పెట్టి కొత్తది నేర్చుకున్నాడు. ఏడు జాతీయ టైటిళ్ళలో మొదటి నాలుగు (2003, 2009, 2011, 2012) ఒక రకం ఆటతో వచ్చాయి, చివరి మూడు (2015, 2017, 2020) మరో రకం ఆటతో వచ్చాయి. అరవై దాటాక అలా మారగలిగిన కోచ్‌లు చాలా అరుదు.

ముందు అంకెలు చూద్దాం. కాలేజీ హెడ్ కోచ్‌గా 28 సీజన్లు: టొలీడోలో ఒకటి (1990), మిషిగన్ స్టేట్‌లో ఐదు (1995-99), ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఐదు (2000-04), అలబామాలో 17 (2007-23). అధికారిక లెక్కలో 292 గెలుపులు, 71 ఓటములు, ఒక టై. మైదానంలో గెలిచినవి 297. ఆటగాళ్ళకిచ్చే ఉచిత పాఠ్యపుస్తకాల వ్యవహారంలో కాలేజీ క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ 2007 సీజన్‌లోని 5 గెలుపులను రద్దు చేసింది, అందుకే రెండు చోట్ల రెండు అంకెలు కనిపిస్తాయి. మైదానంలో చూస్తే, ఓటములు గెలుపులను మించిన సీజన్ కాలేజీలో ఒక్కటి కూడా లేదు. అలబామాలో 2008 నుంచి 2023 వరకు ఏ ఏడూ పది గెలుపులకు తగ్గలేదు. 2003 టైటిల్ విషయంలో ఒక మెలిక ఉంది: బీసీఎస్ అనే అప్పటి జాతీయ ఫైనల్లో ఓక్లహోమాను 21–14తో ఓడించింది ఎల్‌ఎస్‌యూ, కానీ ఆ ఏడాది ఏపీ వార్తాసంస్థ నడిపే విలేకరుల ఓటింగ్‌లో మొదటి స్థానం యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) దక్కింది.

శిష్యరికం ఎంత పొడుగంటే

ఇతన్ని అలబామాలో మాత్రమే చూసినవాళ్ళకు తెలియని సంగతి ఇది. సేబన్ 1951లో వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల ప్రాంతంలో పుట్టాడు. తండ్రి పెట్రోల్ బంకు నడుపుతూ పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కోచింగ్ ఇచ్చేవాడు. కారు కడిగాక ఎక్కడైనా చార కనిపిస్తే మళ్ళీ మొత్తం కడిగించేవాడట, సేబన్ చాలాసార్లు చెప్పిన విషయమే. కెంట్ స్టేట్ యూనివర్సిటీలో కోచ్ డాన్ జేమ్స్ దగ్గర డిఫెన్సివ్ బ్యాక్‌గా, అంటే పాస్‌లను అడ్డుకునే వెనక వరుసలో, ఆడాడు. కోచ్ అవ్వాలన్న ఆలోచనే లేదు. భార్య చదువు ఇంకో ఏడాది మిగిలి ఉండటంతో జేమ్స్ అడిగితే 1973లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా ఉండిపోయాడు.

అక్కడి నుంచి హెడ్ కోచ్ అయ్యేదాకా 17 ఏళ్ళు. సిరక్యూస్, వెస్ట్ వర్జీనియా, ఒహాయో స్టేట్, నేవీ, మిషిగన్ స్టేట్ కాలేజీ జట్లు, ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు హ్యూస్టన్ ఆయిలర్స్: అన్నిచోట్లా సహాయ కోచ్‌గానే. ఒహాయో స్టేట్‌లో ఉద్యోగం పోయింది కూడా. 1990లో టొలీడోకు హెడ్ కోచ్ అయి 9–2తో కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కొన్ని కాలేజీల గ్రూపు) టైటిల్ పంచుకున్నాడు. ఒక్క ఏడాదికే ఆ పదవి వదిలేసి, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్‌లో హెడ్ కోచ్ బిల్ బెలిచిక్ కింద డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా (డిఫెన్స్ మొత్తం చూసుకునే సహాయ కోచ్) చేరాడు. హోదా పరంగా ఒక మెట్టు దిగడమే. కానీ తర్వాత అతను వాడిన పనిముట్లలో ముఖ్యమైన రెండు, అంటే ఆటగాళ్ళను కొలిచే పద్ధతి, పాస్‌ను ఆపే పద్ధతి, ఆ నాలుగేళ్ళలోనే రూపుదిద్దుకున్నాయి. 1994లో ఎన్‌ఎఫ్‌ఎల్ మొత్తంలో అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు బ్రౌన్స్: 16 మ్యాచ్‌లలో 204.

ఆ డిఫెన్స్ ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం

ఇది అర్థమైతే సేబన్ సగం అర్థమైనట్టే, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

కవర్ 3 అనేది పాస్‌ను ఆపే పాత పద్ధతి. వెనక ముగ్గురు మైదానాన్ని నిలువుగా మూడు వాటాలు వేసుకుంటారు. రెండు అంచులు కార్నర్‌బ్యాక్‌లవి (అంచుల్లో కాపలా కాసేవాళ్ళు), నడిమి వాటా ఫ్రీ సేఫ్టీది (అందరికంటే వెనక నిలబడేవాడు). ముందు నలుగురు చిన్న పాస్‌లకు అడ్డుపడతారు, మిగతా నలుగురు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకుతారు. వెనక ఒక్క సేఫ్టీయే ఉంటాడు కాబట్టి ఇంకో మనిషిని ముందుకు దింపవచ్చు, బంతి పట్టుకుని పరిగెత్తే ఆటను ఆపడం తేలికవుతుంది. అందుకే కోచ్‌లకు అది ఇష్టం.

దాని లోపం ఇది: అవతలివాళ్ళు పాస్ పట్టుకునే రిసీవర్లను నలుగురిని నిలువుగా పరుగెత్తిస్తే వాటాలు మూడు, మనుషులు నలుగురు. నడిమి సేఫ్టీకి రెండు పక్కలా ఇద్దరు దూసుకొస్తారు. క్వార్టర్‌బ్యాక్ ఒక పక్కకు చూస్తాడు, సేఫ్టీ అటు ఒక్క అడుగు వేస్తాడు, బంతి ఇటు పక్కకు వెళ్తుంది. 1994లో పిట్స్‌బర్గ్ జట్టు బ్రౌన్స్‌ను ఇలాగే సతాయించింది. ఆ సీజన్‌లో ప్లేఆఫ్‌తో కలిపి మూడుసార్లు తలపడితే మూడుసార్లూ పిట్స్‌బర్గే గెలిచింది.

బెలిచిక్, సేబన్ వేసిన విరుగుడు పేరు రిప్-లిజ్. పైకి కవర్ 3 లాగే నిలబడతారు, కానీ బంతి కదలగానే వాటాకు కాపలా కాయరు, మనిషిని చూసి నిర్ణయించుకుంటారు. రిసీవర్లను సైడ్‌లైన్ నుంచి లోపలికి 1, 2, 3 అని లెక్కపెడతారు. కార్నర్‌బ్యాక్ 1వ రిసీవర్ నిలువుగా వెళ్తే అతన్ని వదలడు. అసలు కిటుకు 2వ రిసీవర్‌కు ఎదురుగా నిలబడ్డవాడి దగ్గర ఉంది:

- 2వ రిసీవర్ నిలువుగా వెళ్తే: అతని వెంటే పరుగు, చివరిదాకా వదలకూడదు.
- బయటికి, సైడ్‌లైన్ వైపు తిరిగితే: అతనితోనే బయటికి.
- లోపలికి, లైన్‌బ్యాకర్ల (డిఫెన్స్ మధ్య వరుసవాళ్ళు) ముందుకు వెళ్తే: కేకేసి లోపలివాడికి అప్పగించి, అటు నుంచి ఇటు వచ్చేవాడి కోసం చూడాలి.

ఇప్పుడు నలుగురు నిలువుగా వచ్చినా నలుగురికీ తోడుగా మనుషులున్నారు, నడిమి సేఫ్టీకి చేతులు ఖాళీ. పరుగును ఆపే బలం పోలేదు, వెనక చిల్లు పూడింది. ఇవాళ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ కాలేజీల్లోనూ దాదాపు ప్రతి జట్టు ప్లేబుక్‌లో దీని ఏదో ఒక రూపం ఉంటుంది.

దీనికి చెల్లించాల్సిన మూల్యం కూడా ఉంది. పదకొండు మందీ ఒకే దృశ్యాన్ని ఒకేలా చదవాలి. ఒక్కడు తప్పు చదివితే అవతల రిసీవర్ పక్కన ఈగ కూడా ఉండదు, నేరుగా టచ్‌డౌన్. బంతి కదిలేముందు అవతలివాళ్ళు ఎలా నిలబడ్డారో చూసి ఏర్పాట్లు మార్చుకోవాలి, అరుచుకోవాలి, చేతి సైగలు చేసుకోవాలి. అంటే ఈ డిఫెన్స్‌కు బంతికీ బంతికీ మధ్య సమయం కావాలి. ఈ మాట గుర్తుంచుకోండి, ఇతని కెరీర్‌లో పెద్ద మలుపు దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆటగాళ్ళను కొలవడం

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లాగా డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకోవడం) లేదు. హైస్కూల్ కుర్రాడు తనకు నచ్చిన కాలేజీ ఎంచుకుంటాడు. సేబన్ అలబామాలో ఉన్నంత కాలం ఒక జట్టుకు మొత్తం 85 స్కాలర్‌షిప్‌లు. చాలా ఏళ్ళు ఏడాదికి 25 మంది కొత్తవాళ్ళనే తీసుకునే వీలుండేది. పాతికలో పది మంది ఎందుకూ పనికిరాకపోతే మూడో ఏటికి జట్టు ఖాళీ అయిపోతుంది. కాబట్టి పొరపాటు శాతాన్ని తగ్గించడమే అసలు పని.

చాలామంది కోచ్‌లు "బాగా ఆడుతున్నాడు, తెచ్చేద్దాం" అంటారు. సేబన్ ప్రతి స్థానానికీ రాతపూర్వకంగా కొలతలు పెట్టాడు. కార్నర్‌బ్యాక్ అయితే 6 అడుగులకు అటూఇటూ ఎత్తు, 190 పౌండ్ల దాకా బరువు, 40 గజాలు 4.5 సెకన్లలోపు. లైన్‌బ్యాకర్ అయితే 6 అడుగుల 2 అంగుళాలు, 240 పౌండ్లు. ఎత్తు, బరువు, వేగం తర్వాత ఆ స్థానానికి తప్పనిసరి అనుకున్న నైపుణ్యాలు, ఆపైన నడవడిక, మార్కులు. కొలతకు అంగుళం తగ్గినవాడిని తీసుకోకూడదని కాదు. తీసుకుంటే ఆ తగ్గినదాన్ని దేనితో పూడ్చుకుంటాడో రాసి చూపించాలి. అలాంటి మినహాయింపులు జట్టులో ఎక్కువైతే మొత్తం జట్టే చిన్నదైపోతుందని అతని లెక్క.

ఫలితం చూడాలంటే 2008 బ్యాచ్ చాలు. జూలియో జోన్స్, మార్క్ ఇంగ్రామ్, డాంటా హైటవర్, మార్సెల్ డేరియస్, మార్క్ బ్యారన్ ఒకే ఏడాది వచ్చారు. అంతకుముందు సీజన్‌లో అలబామా 7–6, సొంత మైదానంలో లూసియానా-మన్రో చేతిలో 21–14తో ఓడిపోయింది. అలాంటి జట్టుకు వీళ్ళెందుకు వచ్చారు? వస్తే వెంటనే ఆడే అవకాశం ఉందని, మూడేళ్ళలో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు తయారు చేస్తామని ఇంటింటికీ వెళ్ళి చెప్పారు. ఇంగ్రామ్ 2009లో దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు, అలబామా చరిత్రలో అదే మొదటిది. ఆ ఏడాదే 14–0తో టైటిల్. తర్వాత డెరిక్ హెన్రీ, డెవాంటా స్మిత్, బ్రైస్ యంగ్ కూడా హైస్‌మన్ గెలిచారు. ఆ పాత వాగ్దానం నిజమని ఏటేటా డ్రాఫ్టే రుజువు చేస్తుంటే రిక్రూటింగ్ సగం దానంతటదే జరిగిపోతుంది.

ఇక్కడ విమర్శ కూడా చెప్పాలి. ఖాళీల కంటే ఎక్కువమందిని తీసుకుని, చోటు చాలకపోతే పాతవాళ్ళను వైద్య కారణాల స్కాలర్‌షిప్‌కు మార్చడమో, వేరే కాలేజీకి వెళ్ళమని సూచించడమో చేస్తున్నారన్న ఆరోపణ 2008-11 మధ్య అలబామాతో పాటు దాని కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీలోని మరికొన్ని జట్ల మీదా గట్టిగా వచ్చింది. ఎస్‌ఈసీ ముందు ఏటా 28 మంది అని, తర్వాత 25 మంది అని హద్దు పెట్టింది. నిబంధనల లోపలే చేశారన్నది నిజమే. పందొమ్మిదేళ్ళ కుర్రాడి వైపు నుంచి చూస్తే మాత్రం అది అన్యాయమే అని నా అభిప్రాయం.

"ప్రాసెస్" అంటే

ఇది నినాదంలా మారిపోయింది కానీ పుట్టింది ఒక అవసరం నుంచి. 1998లో మిషిగన్ స్టేట్ 4–4తో ఉంది, తర్వాతి మ్యాచ్ దేశంలో నంబర్ 1 అయిన ఒహాయో స్టేట్‌తో, వాళ్ళ మైదానంలోనే. మిషిగన్ స్టేట్‌లోని సైకియాట్రీ ప్రొఫెసర్ లానీ రోజెన్ సలహా తీసుకుని, స్కోర్‌బోర్డు చూడొద్దు, ఒక బంతి ఆట సగటున ఏడు సెకన్లుంటుంది, ఆ ఏడు సెకన్లలో మీ పని చేయండి, అయిపోగానే దాన్ని మర్చిపోండి అని ఆటగాళ్ళకు చెప్పాడు. 24–9తో వెనకబడ్డాక కూడా 28–24తో గెలిచారు. ఆ తర్వాత అతను ఏ జట్టుతోనూ ఈ పద్ధతి వదల్లేదు.

ఆచరణలో దీని అర్థం: వేసవి బరువుల గదిలో ప్రతి సెట్టు లెక్క, సాధనలో ప్రతి స్నాప్ (బంతి కదలగానే మొదలయ్యే ఒక్కో ఆట) వీడియో తీసి మార్కులు వేయడం, 40 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నా మూడో వరుస ఆటగాడు తప్పు చేస్తే అంచున నిలబడి కేకలేయడం. టీవీలో చూసి ఇతనికి కోపం ఎక్కువ అనుకునేవారు. పెద్ద ఆధిక్యంలో ఉన్నప్పుడే ఎక్కువగా అరిచేవాడు, గమనించండి. ఓడిపోతున్నప్పుడు చాలా ప్రశాంతంగా ఉండేవాడు.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎందుకు కుదరలేదు

మయామి డాల్ఫిన్స్‌తో రెండేళ్ళు: 2005లో 9–7, 2006లో 6–10. అందరూ చెప్పే కారణం క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్. 2006లో బ్రీస్ భుజానికి ఆపరేషన్ అయింది, వైద్యులు సందేహించారు, మయామి అతన్ని వదిలి డాంటే కల్‌పెప్పర్‌ను తెచ్చుకుంది. కల్‌పెప్పర్ నాలుగు మ్యాచ్‌లే ఆడగలిగాడు. బ్రీస్ న్యూ ఓర్లీన్స్‌కు వెళ్ళి సూపర్‌బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) గెలిచాడు.

అది నిజమే కానీ లోతైన కారణం వేరే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బాగా ఆడిన జట్టుకు డ్రాఫ్ట్‌లో ఆఖర్న అవకాశం వస్తుంది, జీతాలకు పరిమితి ఉంటుంది. మన ఐపీఎల్ వేలంలో పర్సుకు హద్దు పెట్టినట్టే, ఒకే చోట అందరూ పోగవకుండా ఏర్పాటు అది. సేబన్ అసలు బలం పోగుచేయడంలో ఉంది. కాలేజీలో నిరుడు గెలిస్తే ఈ ఏడాది ఇంకా మంచివాళ్ళు వస్తారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిరుడు గెలిస్తే ఈ ఏడాది ఎంపికలో వెనక నిలబడాలి. తన బలం ఎక్కడ పనిచేస్తుందో అక్కడికి తిరిగి వెళ్ళడం తెలివైన పనే. వెళ్ళిన తీరు మాత్రం బాగాలేదు. 2006 డిసెంబరులో అలబామా కోచ్ పదవికి వెళ్ళనని విలేకరుల ముందు తేల్చి చెప్పి, 2007 జనవరి 3న వెళ్ళాడు. ఎనిమిదేళ్ళకు 3.2 కోట్ల డాలర్ల ఒప్పందం. అప్పట్లో అదొక సంచలనం. ఆ ఏప్రిల్‌లో సాధన మ్యాచ్ చూడ్డానికే 92,000 మందికి పైగా వచ్చారు.

2012-14: తన ఆటను తానే పక్కన పెట్టడం

ఇక అసలు విషయం. 2011 అలబామా డిఫెన్స్ మ్యాచ్‌కు సగటున 8 పాయింట్ల చిల్లర ఇచ్చింది. టైటిల్ మ్యాచ్‌లో ఎల్‌ఎస్‌యూ 21–0తో ఓడింది, సగం గీత దాటింది ఒక్కసారే. 320, 350 పౌండ్ల భారీ మనుషులు ముందు వరుసలో రెండేసి సందులు మూసేవారు, వెనక ఆ రిప్-లిజ్ కుటుంబపు కవరేజీలు.

అప్పుడే హడావుడి ఆట వచ్చింది. బంతిని అంపైర్ నేలమీద పెట్టగానే తర్వాతి ఆట మొదలు. అఫెన్స్ (బంతి చేతిలో ఉన్న జట్టు) ఆటగాళ్ళను మార్చకపోతే డిఫెన్స్‌కు మనుషులను మార్చుకునే సమయం ఇవ్వాల్సిన పనిలేదు. 350 పౌండ్ల మనిషి వరుసగా ఏడెనిమిది ఆటలు పరిగెత్తితే చేతులు నడుం మీద పెట్టుకుంటాడు. వెనక ఏర్పాట్లు మార్చుకునే కేకలు పూర్తయ్యేలోపే బంతి కదిలిపోతుంది. దీనికి తోడు ఆర్పీఓ (పరుగా పాసా అన్నది అప్పటికప్పుడు తేల్చుకునే ఆట): క్వార్టర్‌బ్యాక్ ఒక లైన్‌బ్యాకర్‌నే చూస్తాడు, అతను పరుగు ఆపడానికి ముందుకొస్తే అతని వెనక్కి పాస్, ఆగితే బంతి పరిగెత్తేవాడికి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాస్ వేసేటప్పుడు అఫెన్స్ లైన్‌మన్ ఒక గజం దాటకూడదు, కాలేజీలో మూడు గజాల దాకా వెళ్ళొచ్చు. ఆ రెండు గజాల తేడాతో లైన్‌బ్యాకర్‌కు అది పరుగో పాసో తెలియదు.

2012 నవంబరులో క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్‌జెల్ ఉన్న టెక్సస్ ఏ అండ్ ఎం మొదటి క్వార్టర్‌లోనే 20–0 చేసి, 29–24తో అలబామాను ఓడించింది. 2013లో ఆబర్న్ కూడా 34–28తో ఓడించింది. తర్వాత సీజన్ చివర జరిగే షుగర్‌బౌల్ మ్యాచ్‌లో ఓక్లహోమా 45–31. ఏడాది తిరిగాక ప్లేఆఫ్‌లో ఒహాయో స్టేట్ 42–35.

సేబన్ మొదట నిబంధన మార్పించాలని చూశాడు. 40 సెకన్ల గడియారంలో మొదటి పది సెకన్లలో బంతి కదపకూడదన్న ప్రతిపాదనకు 2014 మొదట్లో మద్దతిచ్చాడు. అది వీగిపోయింది. కానీ దాని ఫలితం తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. అదే జనవరిలో లేన్ కిఫిన్‌ను అఫెన్స్ కోఆర్డినేటర్‌గా తెచ్చాడు. అంతకు మూడు నెలల చిల్లర ముందే యూఎస్‌సీ అతన్ని ఓటమి తర్వాత విమానాశ్రయంలోనే తీసేసింది. స్వభావంలో ఇద్దరికీ పొత్తు కుదరదు. అయినా కొత్త ఆట తెలిసినవాడు కావాలి. 2014లో రిసీవర్ అమారి కూపర్ 124 పాస్‌లు పట్టాడు.

డిఫెన్స్‌నూ మార్చాడు. ముందు వరుసలో బరువు తగ్గించి కదలిక పెంచాడు, అదనపు డిఫెన్సివ్ బ్యాక్‌ను దాదాపు శాశ్వతం చేశాడు, హడావుడి ఆటకు సరిపడేలా పిలుపులను ఒక్క మాటకు కుదించాడు. 2015 టైటిల్ మధ్యస్థం: హెన్రీ పరుగూ ఉంది, కొత్త పాస్‌లూ ఉన్నాయి. 2018లో తువా టాగోవైలోవా ప్రధాన క్వార్టర్‌బ్యాక్ అయ్యేసరికి పూర్తిగా పాస్ జట్టు. 2020లో సహాయ కోచ్ స్టీవ్ సార్కిసియన్ నడిపిన అఫెన్స్ మ్యాచ్‌కు 48.5 పాయింట్లు చేసి 13–0తో ముగించింది, ఫైనల్లో ఒహాయో స్టేట్‌పై 52–24. ఆ జట్టు డిఫెన్స్ మ్యాచ్‌కు 19 పాయింట్లకు పైగా ఇచ్చింది, 2011తో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువ. 2011 నాటి సేబన్‌కు అది సిగ్గుచేటు. 2020 సేబన్‌కు ఆ లెక్క సరిపోయింది.

సహాయకులు వెళ్ళిపోతూనే ఉంటారు

ఏటా ఇద్దరో ముగ్గురో కోచ్‌లు వేరేచోట హెడ్ కోచ్‌లుగా వెళ్ళిపోయేవారు. దీనికి అతను కనిపెట్టిన ఉపాయం: ఉద్యోగం పోయిన హెడ్ కోచ్‌లను అనలిస్టులుగా తెచ్చుకోవడం. పాత యూనివర్సిటీ వాళ్ళకు ఒప్పందం ప్రకారం డబ్బు ఇస్తూనే ఉంటుంది, కొత్త జీతం పెరిగితే అందులో కోత పడుతుంది, కాబట్టి వాళ్ళు చాలా తక్కువ జీతానికే వస్తారు. అనలిస్టులు అప్పట్లో మైదానంలో కోచింగ్ ఇవ్వకూడదు, వీడియో విశ్లేషణే పని. ఏడాది గడిచేసరికి పద్ధతి అంతా తెలిసిన మనిషి సిద్ధంగా ఉంటాడు.

ఇదీ ఒకోసారి బెడిసికొట్టింది. 2017 జనవరి ఫైనల్‌కు వారం ముందు కిఫిన్‌ను పంపేసి అనలిస్టు సార్కిసియన్‌కు అఫెన్స్ అప్పగించాడు. క్లెమ్సన్ చేతిలో 35–31తో ఓడిపోయారు, విజయపు టచ్‌డౌన్ ఒక సెకను మిగిలుండగా. అలాగే పాత సహాయకులు హెడ్ కోచ్‌లుగా ఉన్న జట్లతో 24 మ్యాచ్‌ల దాకా ఓటమి లేకపోయినా, 2021 అక్టోబరులో టెక్సస్ ఏ అండ్ ఎం కోచ్ జింబో ఫిషర్ 41–38తో గెలిచాడు. కొన్ని నెలలకే జార్జియాతో కర్బీ స్మార్ట్ జాతీయ ఫైనల్లో 33–18తో ఓడించాడు. స్మార్ట్ అలబామాలో 2015 దాకా డిఫెన్స్ కోఆర్డినేటర్. కొలతలు, సాధన పద్ధతి, రిక్రూటింగ్ ఏర్పాటు అన్నీ జార్జియాకు పట్టుకెళ్ళాడు.

ఇంకో బలహీనత ఏళ్ళ తరబడి తీరలేదు: ఫీల్డ్ గోల్, అంటే బంతిని స్తంభాల మధ్యగా తన్ని పాయింట్లు తెచ్చుకోవడం. 2011లో ఎల్‌ఎస్‌యూతో 9–6 ఓటమిలో నాలుగు తప్పాయి. 2013లో ఆబర్న్‌తో 28–28, ఒక్క సెకను మిగిలుంది, 57 గజాల ప్రయత్నం చేశారు. బంతి చాలలేదు, ఆబర్న్ ఆటగాడు ఎండ్‌జోన్ చివర్న పట్టుకుని అవతలి చివరిదాకా పరిగెత్తాడు. ఫీల్డ్ గోల్ జట్టులో ఉండేది ఎక్కువగా భారీ లైన్‌మన్లు, మైదానం మధ్యలో వేగంగా పరిగెత్తేవాడిని వాళ్ళు పట్టుకోలేరు. అంత దూరం నుంచి కొట్టేటప్పుడు వేగం ఉన్నవాళ్ళను ఆ జట్టులో పెట్టకపోవడం కోచ్ పొరపాటే.

అలబామా ఒకప్పటి కోచ్ బేర్ బ్రయంట్‌తో పోలిక కూడా అడుగుతారు కాబట్టి ఒక్కమాట. బ్రయంట్‌కు ఆరు టైటిళ్ళు, కానీ ఆ రోజుల్లో టైటిల్ ఓటుతో వచ్చేది, కొన్నిసార్లు బౌల్ మ్యాచ్‌కు ముందే ఓటు వేసేసేవారు. 1973లో ఆ తర్వాత జరిగిన బౌల్ మ్యాచ్‌లో అలబామా నోటర్‌డేమ్ చేతిలో ఓడినా ఒక టైటిల్ వాళ్ళ పేరు మీదే ఉంది. సేబన్ ఏడూ ఫైనల్ ఆడి గెలిచినవి. కాలాలు వేరు కాబట్టి అంతకంటే పోల్చడం కష్టం.

ఎందుకు ఆపేశాడు

2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. దాదాపు అదే సమయంలో ఏడాది ఆగకుండా కాలేజీ మారే స్వేచ్ఛ వచ్చింది. ఆటగాళ్ళకు ఇది న్యాయమే. కానీ సేబన్ పద్ధతి రెండేళ్ళు వెనక వరుసలో నేర్చుకుని మూడో ఏట ఆడేవాడి మీద నిలబడింది. ఇప్పుడు అలాంటివాడు మొదటి ఏడాది చివరే వేరే చోటికి వెళ్ళిపోతాడు. 2023 సీజన్‌లో జార్జియాను 27–24తో ఓడించి ఎస్‌ఈసీ గెలిచారు, రోజ్‌బౌల్‌లో మిషిగన్ చేతిలో అదనపు సమయంలో 27–20తో ఓడారు. సీజన్ ముగిశాక తనను కలిసిన ఆటగాళ్ళ ప్రశ్నలు చాలావరకు ఆడే అవకాశం గురించీ డబ్బు గురించీ ఉన్నాయని తర్వాత చెప్పాడు. 2024 జనవరి 10న, 72 ఏళ్ళ వయసులో, జట్టు సమావేశంలో రిటైర్‌మెంట్ ప్రకటించాడు.

మీకు ఆసక్తి ఉంటే పాత మ్యాచ్‌లు మూడు ఈ వరుసలో చూడండి. మొదట 2012 జనవరి ఎల్‌ఎస్‌యూ 21–0: పాత డిఫెన్స్ పరాకాష్ఠ. తర్వాత 2016 జనవరి క్లెమ్సన్ 45–40: 24–24 ఉన్నప్పుడు క్లెమ్సన్ వరుస లోపలికి నొక్కుకుని నిలబడటం వీడియోల్లో ముందే గమనించి, ఖాళీ అంచు వైపు చిన్న కిక్ కొట్టి బంతి తామే పట్టుకున్నారు. ఆఖర్న 2018 జనవరి జార్జియా 26–23: సగం ఆటకు 13–0తో వెనకబడితే, రెండేళ్ళలో రెండే మ్యాచ్‌లు ఓడిన క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ను కూర్చోబెట్టి మొదటి ఏడాది కుర్రాడు తువాను దింపాడు. అదనపు సమయంలో మొదటి బంతికే 16 గజాలు నష్టపోయి 26 గజాలు కావలసి వచ్చింది. తర్వాతి బంతికి 41 గజాల టచ్‌డౌన్. ఆ పాస్ వేసేముందు తువా కళ్ళు మొదట కుడివైపు ఉంటాయి, జార్జియా సేఫ్టీ అటే కదులుతాడు, బంతి ఎడమ అంచున డెవాంటా స్మిత్‌కు వెళ్తుంది. రిప్-లిజ్ దగ్గర చెప్పిన నడిమి సేఫ్టీ ఇబ్బంది ఏమిటో ఆ ఒక్క ఆటలో కనిపిస్తుంది, నెమ్మదిగా తిప్పి చూడండి.